కప్పు జరిగే కొట్టం

పిల్లలూ, మదనపల్లెలో దక్షిణంగా పోయే బస్సెక్కి ముప్పావు గంట ప్రయాణం చేస్తే మా ఊరు వస్తుంది. బస్సు దిగగానే ఎడమచేతి వైపు టమాటా తోటలు, కుడిచేతి వైపు రచ్చబండ ఉంటాయి. రచ్చబండ పక్క సందు పట్టుకొని చివరిదాకా నడిస్తే పెద్ద చింతచెట్టు, దాని పక్కనే రేకుల కప్పు వేసిన కొట్టం కనిపిస్తాయి. ఎవరు చూసినా దాన్ని మేకల కొట్టం అనుకుంటారు. అనుకోవడంలో తప్పు లేదు. పదేళ్ళ క్రితం వరకు అందులో మా మేకలే ఉండేవి.

అయితే మీరు సాయంత్రం ఏడు గంటలప్పుడు వచ్చారనుకోండి. అప్పుడు నేనూ, మా మనుమరాలూ చెరొక పక్క నిలబడి ఆ కప్పును భుజాలతో తోస్తూ ఉంటాము. కప్పు గడగడమని చప్పుడు చేస్తూ రైలుపెట్టెలాగా ఉత్తరంగా జరిగిపోతుంది. ఇక కొట్టం నెత్తిన ఆకాశమే. మధ్యలో నడుమెత్తు సిమెంటు దిమ్మ, దిమ్మ మీద దూరదర్శిని, దూరదర్శినికి మనం కన్ను ఆనించే చోట ఒక కెమెరా. ఇదే మా వేధశాల!

వేధశాల అంటే కొండ శిఖరం, దాని మీద తెల్లటి గోపురం, లోపల పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఉండాలి గదా అని మీరు అడగవచ్చు. అటువంటివి ఉన్నాయి, నిజమే. కాని మన తెలుగునాట పాత వేధశాలలు కొన్ని ఇంటి వేధశాలలే. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో తన సొంత ఖర్చుతో వేధశాల ఏర్పాటు చేసుకున్నారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపారు. 1874 డిసెంబరులో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా చిన్న నల్లచుక్కలాగా దాటిపోయినప్పుడు, నరసింగరావు గారు అక్కడి నుంచే చూసి లెక్కలు రాసుకున్నారు. వారు జమీందార్లు, నేను పింఛను మీద బతికే బడిపంతులును. వారికి గోపురం, నాకు మేకల కొట్టం. ఆకాశం మాత్రం ఒకటే.

ఈ కొట్టం ఎలా తయారయిందో చెబుతాను. నేను చేసిన తప్పులు కూడా చెబుతాను, ఎందుకంటే నాకు పాఠం నేర్పినవి అవే.

నాలుగేళ్ళ క్రితం ఉద్యోగ విరమణ చేసినప్పుడు 80 మిల్లీమీటర్ల కటకం ఉన్న చిన్న దూరదర్శిని ఒకటి కొన్నాను. మదనపల్లెలో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే కుర్రవాడు కొత్త కెమెరా కొనుక్కుంటూ, పాతదాన్ని నాకు చౌకగా ఇచ్చాడు. ఈ రెంటినీ మోసి తిప్పే పీఠానికి మాత్రం ఆ రెంటికీ కలిపి ఇచ్చిన దానికన్నా ఎక్కువ అయింది. మా ఇంట్లో దానికి పెద్ద తగవే వచ్చింది. "కంటికి కనబడే గాజు కన్నా కింద ఉండే ఇనుముకా ఇంత డబ్బు?" అని అడిగింది మా ఇల్లాలు. సరైన ప్రశ్నే. దానికి జవాబు కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మొదట వీటన్నిటినీ మిద్దె మీద పెట్టాను. మిద్దె మీద చెట్ల అడ్డం ఉండదు, ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది గదా! మొదటి ఫొటో కృత్తికలకు తీశాను. మా వైపు పెద్దవాళ్ళు ఆ గుంపును పిల్లలకోడి అంటారు. ఫొటోలో కోడీ లేదు, పిల్లలూ లేవు. చుక్కకు బదులు చుక్కకొక వంకర పురుగు ఉంది. మళ్ళీ తీశాను. ఈసారి పురుగులు ఇంకా పెద్దవయినాయి! దూరదర్శిని చెడిపోయిందనుకొని రెండు రోజులు దిగులుపడ్డాను. మూడో రోజు నేను ఫొటో తీస్తూ ఉండగా మా మనుమరాలు అన్నానికి పిలవడానికి మెట్లెక్కి వచ్చింది. ఆమె అడుగు వేసినప్పుడల్లా కెమెరా వెనుక బిళ్ళ మీద చుక్కలు గంతులు వేశాయి.

మీరు కూడా ఈ వింత చూడవచ్చు. రాత్రిపూట మిద్దె మీద ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి ఉంచండి. దూరాన ఉన్న దీపం ఆ నీళ్ళలో కనిపించేటట్టు కూర్చోండి. మీ తమ్ముణ్ణో, చెల్లెల్నో అటూ ఇటూ నడవమనండి. గట్టిగా ఉన్నదనుకునే మిద్దె ఎంత వణుకుతుందో నీళ్ళలోని దీపం మీకు చూపిస్తుంది. ఆ వణుకు మన కాళ్ళకు తెలియదు. దూరదర్శినికి మాత్రం అది భూకంపం. చిన్నదాన్ని పెద్దది చేసి చూపేది, చిన్న కదలికను కూడా పెద్దది చేస్తుంది.

అంచేత మిద్దె దిగి నేలకు వచ్చాము. మేకల కొట్టం ఖాళీగానే ఉంది. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు. మధ్యలో మూడడుగుల లోతు గుంట తవ్వించి, ఇనుప కమ్మీలు నిలిపి, కంకర, సిమెంటు పోయించాను. ఆ గుంటలో నుంచి పైకి లేచిన లావాటి గొట్టం నిండా కూడా కాంక్రీటే. మా మేస్త్రి అది చూసి, "ఏం అయివారూ, కొట్టంలో ధ్వజస్తంభం నాటుతా ఉండారా?" అని నవ్వాడు. మా వైపు బడిపంతులును అయివారు అంటారు లెండి.

తరువాత అతడు కొట్టం గచ్చును తీసుకువచ్చి దిమ్మకు కలిపి పూడ్చబోయాడు. పనిలో శుభ్రం ఉండాలని అతని పట్టుదల. నేను పరుగెత్తుకుపోయి ఆపాను. దిమ్మ చుట్టూ ఒక అంగుళం సందు వదిలిపెట్టాలి. గచ్చు దిమ్మకు తగిలిందా, గచ్చు మీద మనం వేసే ప్రతి అడుగూ దిమ్మ ఎక్కుతుంది, మళ్ళీ మిద్దె కథే. సందు ఉంటే అడుగుల వణుకు అక్కడే ఆగిపోతుంది. డబ్బు ఖర్చు లేని ఆ అంగుళం సందు, నా వేధశాల మొత్తంలో అన్నిటికన్నా విలువైనది. దిమ్మను మూడు వారాలు గోనెపట్టాలు చుట్టి తడిపాము. ఆ పని మా మనుమరాలిది.

ఇక కప్పు. గోపురం కట్టి గుండ్రంగా తిప్పాలంటే మావంటి వారికి అయ్యే పని కాదు. జారుడు గేట్లకు వేసే చక్రాలు మీరు చూసే ఉంటారు. అటువంటివి ఆరు కొని రేకుల కప్పు చట్రానికి బిగించి, గోడల మీద యాంగిల్ ఇనుము పట్టాలు వేయించాను. పట్టాలు కొట్టం దాటి ఇంకొక పది అడుగులు నాలుగు గుంజల మీద సాగుతాయి. కప్పు జరిగినప్పుడు కూర్చునే చోటు అది.

కప్పును ఏ వైపుకు జరపాలి? ఈ ప్రశ్న నన్ను ఒక వారం తినేసింది. కప్పు జరిగిన వైపు ఆకాశం కొంత మూసుకుపోతుంది. ఉత్తరాన చింతచెట్టు ఎలాగూ ఉంది. పైగా మదనపల్లె పట్టణం వెలుతురు కూడా అటువైపే. దక్షిణాన గుట్టలు, పొలాలు, చీకటి. కనుక పోయే ఆకాశం ఉత్తరానిదే పోనీ అనుకున్నాను. దక్షిణపు గోడను కూడా రెండడుగులు కోయించి, మడతతలుపులాగా కిందికి వాలేటట్టు బందులు వేయించాను. దాని లాభం చివర చెబుతాను.

కప్పు విషయంలో ఒక తప్పు చేశాను. చక్రాలు బాగా తిరగాలన్న ధ్యాసే గాని, తిరగకుండా ఆపాలన్న ధ్యాస లేకపోయింది. మే నెలలో మా వైపు వాన వచ్చే ముందు గాలి ఎలా లేస్తుందో తెలిసి కూడా! ఒక సాయంత్రం అలాగే లేచింది. మర్నాడు తెల్లవారి పక్క తోట ఆసామి తలుపు తట్టి, చాలా మర్యాదగా, "అయివారూ, మీ కప్పు మా టమాటాల్లో పండుకోని ఉండాది" అన్నాడు. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. దూరదర్శిని మీద గోనెపట్టా కప్పి ఉన్నందున అదీ బతికింది. విరిగిన టమాటా మొక్కలకు డబ్బు ఇస్తే ఆయన పుచ్చుకోలేదు, చంద్రుణ్ణి చూపమన్నాడు. ఆ తరువాత నాలుగు మూలలా నాలుగు గొళ్ళాలు వేయించాను. కప్పు మూసినా తెరిచినా ఆ నాలుగూ వేసి తీరవలసిందే.

ఇంకొక మాట. తల్లిదండ్రులు కూడా ఇది వినాలి. పగటిపూట కప్పు తెరిస్తే దూరదర్శినికి మూత ఉండాలి. సూర్యుడి వెలుతురు కటకం మీద పడితే భూతద్దం కింద కాగితం మండినట్టు లోపలి సామాను మండుతుంది. ఆ దూరదర్శినిలో నుంచి సూర్యుణ్ణి చూసినవాడికి కన్ను పోతుంది, మళ్ళీ రాదు. మా కొట్టంలో మూత తీసే అధికారం సూర్యాస్తమయం తరువాతనే.

సరే, ఇప్పుడు ఇనుముకు ఎందుకంత డబ్బు అన్న ప్రశ్నకు వద్దాం.

భూమి తిరుగుతూ ఉంటుందని మీరు చదువుకున్నారు. చదువుకోవడం వేరు, చూడడం వేరు. మీ నాన్నగారి ఫోనులో రాత్రి ఫొటో తీసే వీలు ఉంటే, దాన్ని ఒక ఇటుకకు ఆనించి, కదలకుండా 30 సెకన్లు తెరిచి ఉండేటట్టు పెట్టి చుక్కల ఫొటో తీయండి. ఆ ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూడండి. చుక్కలు చుక్కలుగా ఉండవు, చిన్న గీతలవుతాయి. గీచింది చుక్క కాదు, మీరు నిలబడిన భూమి! ధ్రువనక్షత్రం వైపు ఒకటి, నడినెత్తి వైపు ఒకటి తీసి పోల్చండి. ఎక్కడ గీతలు పొడుగ్గా ఉన్నాయో, ఎందుకు ఉన్నాయో మీ మాస్టారితో మాట్లాడండి.

ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. దూరదర్శిని కూడా అంతే వేగంతో జరిగితే చుక్క ఫొటోలో చుక్కగా నిలుస్తుంది. పీఠం చేసే పని అదే. ఈ రకం పీఠాన్ని ఈక్వటోరియల్ మౌంట్ అంటారు. దానికి ఒక ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా ఉండాలి. భూమి తూర్పుకు తిరుగుతుంటే ఇది పడమటికి తిరుగుతుంది. 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు. 24 గంటలు ఎందుకు కాదంటారా? 24 గంటలు సూర్యుడితో కొలిచిన రోజు. ఆ రోజులో భూమి సూర్యుడి చుట్టూ కూడా కొంచెం నడుస్తుంది, కనుక సూర్యుడు మళ్ళీ అదే చోటికి రావడానికి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. చుక్కలతో కొలిస్తే నాలుగు నిమిషాలు తక్కువ.

ఇరుసును ఎటు గురిపెట్టాలి? ఆకాశంలో ధ్రువం ఉన్న చోటికి. ధ్రువం ఎంత ఎత్తున ఉంటుందంటే, మీ ఊరి అక్షాంశం ఎన్ని డిగ్రీలో అంత ఎత్తున. మా ఊరికి అది సుమారు పదమూడున్నర డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే ఆ పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే దిగంతం నుంచి ఒకటిన్నర పిడికిళ్ళకన్నా తక్కువ ఎత్తున, ఇళ్ళ కప్పుల సందున, దుమ్ములో ధ్రువుడు ఉంటాడు. అదీ సరిగ్గా ధ్రువం మీద కాదు, దానికి అర డిగ్రీ పైచిలుకు పక్కన.

మా ధ్రువుడు చింతచెట్టు వెనుక ఉన్నాడు!

ఆ చెట్టు మా పొరుగు పెద్దమ్మది. ఎనభై దాటిన మనిషి. నా కష్టం విని, "కొమ్మ కొట్టించుకోండి అయివారూ, చుక్క కనబడితే చాలు" అన్నది. కొట్టించి ఉంటే పని తేలికే. కాని ఆ చెట్టు చింతపండు సగం వీధికి పులుసు పోస్తుంది. అదీగాక, ధ్రువుణ్ణి చూడకుండానే ధ్రువాన్ని పట్టే ఉపాయం ఒకటి ఉంది. నడినెత్తికి దక్షిణంగా, ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఒక నక్షత్రాన్ని దూరదర్శినిలో పట్టి, పది నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చోవాలి. అది మెల్లగా దక్షిణానికి జారితే మన ఇరుసు తూర్పుకు తిరిగి ఉన్నదన్నమాట. ఉత్తరానికి జారితే పడమటికి. అలాగే తూర్పున ఉదయించే నక్షత్రం ఒకటి పట్టుకుంటే, అది దక్షిణానికి జారితే ఇరుసు తగ్గి ఉంది, ఉత్తరానికి జారితే ఎక్కి ఉంది. సర్దుకుంటూ పోవాలి. నాకు నాలుగు రాత్రులు పట్టింది. దిమ్మ కదలదు కనుక ఆ తరువాత మళ్ళీ ఆ పని పడలేదు. చింతచెట్టు అలాగే ఉంది.

ఇంతలో కెమెరా సంగతి. ఇప్పుడు మనకు బిళ్ళలో బొమ్మ వెంటనే కనబడుతుంది. వెనుకటి రోజుల్లో ఫొటో గాజు పలక మీద తీసేవారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ అనే ఆయన 1901లో ఫిసల్ బండలో తన స్థలంలోనే వేధశాల పెట్టి, 15 అంగుళాల కటకం ఉన్న పెద్ద దూరదర్శినిని తెప్పించాడు. ఇది కూడా ఒక ఇంటి వేధశాలే చూడండి! ఆయన పోయిన తరువాత 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకొని, తరువాత బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. ప్రపంచంలో ఎన్నో దేశాలు కలిసి ఆకాశమంతటినీ వాటాలుగా పంచుకొని ఫొటోలు తీసినప్పుడు, అందులో ఒక వాటా హైదరాబాదుకు వచ్చింది. రాత్రి తరువాత రాత్రి గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కొక్క చుక్క చోటునూ కొలిచి, ఏడున్నర లక్షల పైచిలుకు నక్షత్రాలను పుస్తకాలకు ఎక్కించారు.

ఉద్యోగంలో ఉండగా ఒకసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు బేగంపేటలో ఆ గోపురం చూశాను. చుట్టూ మేడలు, దీపాలు. నగరం వెలుతురు పెరిగేకొద్దీ అక్కడ పని కష్టమయింది. అందుకని 48 అంగుళాల కొత్త దూరదర్శినిని నగరానికి దూరంగా జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర 1968లో నిలిపారు. ఇప్పుడు నగరం వెలుతురు అక్కడి ఆకాశానికి కూడా పాకింది. ఏడున్నర లక్షల చుక్కలు కొలిచిన ఊరిలో ఇప్పుడు చుక్కలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజున అది చూసి, "పోనీలే, మా ఊళ్ళో ఆ బెడద లేదు" అనుకున్నాను.

కాని ఆ బెడద మా సందుకే వచ్చింది. కిందటేడు సంక్రాంతి ముందు మా కొట్టానికి ముప్పై అడుగుల దూరంలో ఉన్న స్తంభానికి పంచాయతీవారు కొత్త ఎల్.ఈ.డి. దీపం వేశారు. తెల్లగా, పట్టపగలులాగా వెలిగింది. ఆ రాత్రి తీసిన ఫొటో మీద పలచటి పాలు పోసినట్టయింది. చుక్కలు ఆ పాలలో మునిగిపోయాయి. నాకు చాలా కోపం వచ్చింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ముప్పై ఆరేళ్ళు బడిలో అందరి అర్జీలూ చదివినవాణ్ణి, ఆ రాత్రే కూర్చొని దీపం తీసేయించండని ఒక అర్జీ రాశాను. కింద వీధివాళ్ళ సంతకాలు ఉంటే బాగుంటుందని మొదట పెద్దమ్మ దగ్గరకే తీసుకుపోయాను.

ఆమె అంతా విన్నది. విని, "మీ చుక్కల్లో పాములు లేవు అయివారూ. మా సందులో ఉండాయి" అన్నది.

అప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. అంతకు ముందు వానాకాలంలో ఆమె మనుమడు ఆఖరి బస్సు దిగి వస్తూ ఈ సందులోనే పాము కాటు తిన్నాడు. మదనపల్లె ఆసుపత్రిలో బతికి బయటపడ్డాడు. నేను కూడా వెళ్ళి చూసి వచ్చిన వాణ్ణే! ఆమె ఇంకొక మాట అనలేదు. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చాను. పదిహేను రోజులు కొట్టం తలుపు తీయలేదు.

దారి చూపింది మా మనుమరాలు. ఏడో తరగతి చదువుతోంది. ఒక రాత్రి సందులో నుంచి వస్తూ, "తాతా, చింతచెట్టు చిటారుకొమ్మ చూడు" అన్నది. చూశాను. దీపం కన్నా ఎంతో ఎత్తున ఉన్న ఆకులు తెల్లగా మెరుస్తున్నాయి. "పాములు చెట్టు పైన తిరుగుతాయా?" అని అడిగింది.

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. దీపం వెలుతురులో కొంత నేల మీద పడుతుంది, కొంత పక్కలకు పోయి మన కళ్ళలో కొడుతుంది, కొంత పైకి పోతుంది. పైకి పోయిన వెలుతురు దుమ్మును, తేమను తాకి చెదిరి ఆకాశాన్ని తెల్లబరుస్తుంది. దానివల్ల బస్సు దిగి వచ్చే పిల్లవాడికి పైసా లాభం లేదు. వెలిగించవలసింది బాట, ఆకాశం కాదు.

వెల్డింగు షాపులో ఒక రేకు డిప్ప చేయించి, లోపలి వైపు తెల్లరంగు వేశాము. సర్పంచి గారు ఒప్పుకున్న తరువాత లైన్‌మాన్ వచ్చి, కరెంటు ఆపి, దాన్ని దీపానికి పైనా పక్కలా గొడుగులాగా బిగించాడు. పిల్లలూ, కరెంటు స్తంభం మీ చేతి పని కాదు, నా చేతి పని కూడా కాదు. ఆ సాయంత్రం చీకటి పడేదాకా నేను అరుగు మీదనే కూర్చున్నాను. బాట మీద వెలుతురు తగ్గిందని ఎవరైనా అంటే డిప్ప మర్నాడే తీయించాలని నిశ్చయించుకున్నాను. దీపం వెలిగింది. చింతచెట్టు పై కొమ్మలు నల్లగా ఉన్నాయి. పెద్దమ్మ చేతికర్రతో సందు చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి, "ఇప్పుడు కండ్లల్లో కొట్టడం లేదు. నేల బాగా కనబడతా ఉంది" అన్నది.

ఫొటో మీద పాలు మొత్తం పోలేదు. నేల మీద పడిన వెలుతురు కొంత మళ్ళీ పైకి లేస్తుంది గదా. పోయినంత పోయింది. మిగిలినదానికి కొట్టం ఆ వైపు గోడ మీద ఒక టార్పాలిన్ తెర కట్టుకున్నాము.

మేము పని చేసేది అమావాస్యకు అటూ ఇటూ. వెన్నెల రోజులు మాకు సెలవు. వానాకాలమంతా సెలవే. అప్పుడు కటకాలకు బూజు పట్టకుండా సిలికాజెల్ పొట్లాలు మార్చడం, కందిరీగల గూళ్ళు తీయడం, ఎలుకలు కొరికిన తీగలకు గొట్టాలు తొడగడం, ఇవే పనులు. ఎలుకలను గురించి ఒక వ్యాసం వేరే రాయవచ్చు.

మొన్న మే నెల అమావాస్యకు ముందు రాత్రి మబ్బు లేదు. కప్పు సాయంత్రమే తెరిచాము. రేకు కింద పగలంతా కాగిన దూరదర్శిని చల్లబడడానికి గంటన్నర పడుతుంది. వేడి గొట్టంలో గాలి పొయ్యిమీద గాలిలాగా అల్లాడి బొమ్మను చెరుపుతుంది. తొమ్మిదిన్నరకు దక్షిణపు మడతతలుపు దించాము. అందరికన్నా ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నది పెద్దమ్మ.

మేము గురిపెట్టినది ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు. మా ఊరినుంచి చూస్తే అది దక్షిణాన మూడు పిడికిళ్ళ ఎత్తు దాకా వస్తుంది. ఇంగ్లండులో ఉన్నవారికి అది ఎన్నడూ ఉదయించదు! ధ్రువుడు మనకు దిగంతానికి దగ్గరగా ఉండడం ఇబ్బందే గాని, దానికి బదులు దక్షిణపు ఆకాశం మనకు ఇంత దక్కింది. వట్టి కంటికి అది మసకబారిన చుక్క. అందులో సుమారు కోటి నక్షత్రాలు ఉన్నాయి. దూరం దాదాపు 17,000 కాంతి సంవత్సరాలు.

ఒక్క నిమిషం చొప్పున అరవై ఫొటోలు తీశాము. ఒకే ఫొటో గంటసేపు ఎందుకు తీయకూడదంటే, మధ్యలో ఒక్క గాలి విసురు వచ్చినా గంటంతా పోతుంది. ఒక నిమిషం ఫొటో పాడయితే దాన్ని పారేయవచ్చు. అయితే ఒక్కొక్క ఫొటో ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. అరవైటినీ కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే ఆ ఇసుక దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. ఎలాగంటే, నేను తరగతిలో బల్ల పొడవు ఎంతో కంటితో చూసి చెప్పమనేవాణ్ణి. ఒకడు ఎక్కువ చెప్పేవాడు, ఒకడు తక్కువ చెప్పేవాడు. నలభై మంది చెప్పినదాని సగటు తీస్తే చాలాసార్లు బద్దతో కొలిచినదానికి దగ్గరగా వచ్చేది. తప్పులు ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి, నిజం మిగులుతుంది. బద్దే తప్పయితే సగటు ఏమీ చేయలేదు సుమా! అందుకే చివర దూరదర్శినికి మూత పెట్టి కూడా కొన్ని ఫొటోలు తీస్తాము. కెమెరా తనంతట తాను ఎక్కడెక్కడ తప్పుడు చుక్కలు పెడుతుందో అవి చెబుతాయి. వాటిని తీసివేయాలి.

"మూత పెట్టి ఫొటో తీసేవాళ్ళను ఈడనే చూస్తా ఉండా" అని పెద్దమ్మ నవ్వింది.

కంప్యూటరు పని ముగిసేసరికి పన్నెండయింది. బిళ్ళ మీద ఒమేగా సెంటారీ వచ్చింది. నల్లగుడ్డ మీద పిడికెడు చక్కెర కుప్పగా పోసి, అంచులు వేలితో చెరిపినట్టు ఉంది. పెద్దమ్మ చాలాసేపు చూసింది. ఇంత వెలుతురూ మన సందు మీదనే ఉండేదా ఇన్నాళ్ళూ అని అడిగింది. ఉండేదన్నాను.

ఆఖరి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఆమె మనుమడు ఆమెను తీసుకుపోవడానికి సందులో వస్తూ ఉంటే, దీపం కింద అతని పాదాలు, పాదాల ముందు రాళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. వాళ్ళు వెళ్ళిన తరువాత దూరదర్శినికి మూత పెట్టి, గోనెపట్టా కప్పి, కప్పును వెనక్కి తోశాము. మా మనుమరాలు చేతిదీపం పట్టుకొని మూల మూలకూ వెళ్ళి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గొళ్ళాలు లెక్కపెట్టింది.